పెంకుల నేల చదివింపులు

అనగనగా ఒక అడవి. ఆ అడవిని ఆనుకుని ఒక పెంకుల ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ అనగానే చప్పుళ్ళూ, మనుషులూ అనుకునేరు. అది మూతబడి చాలాకాలమైంది. ఇళ్ళ కప్పుల మీద ఎర్రటి పెంకులు ఉంటాయి చూశారూ, అవి అక్కడ కాల్చేవారు. ఎన్ని కాల్చేవారంటే, వాటితో ఆకాశమంతటికీ కప్పు వేసి, మిగిలినవాటితో సముద్రానికి కూడా వేయొచ్చు. నేను కాస్త తగ్గించే చెబుతున్నాను.

ఇక దాని పొగగొట్టం! చందమామ అటుగా పోయేటప్పుడు తల కాస్త పక్కకి వంచుకుని పోయేవాడు. ఒకసారి పరధ్యానంగా వచ్చి తగిలించుకున్నాడు కూడా. ఆయన మొహం మీద మచ్చ మరెక్కడిదనుకున్నారు?

పని ఆగిపోయాక మనుషులు వెళ్ళిపోయారు. పొగగొట్టం నిలబడే నిద్రపోయింది. కింద నేల నిండా విరిగిన పెంకులు, బూడిద, కాలి కాలి రాయిలా అయిన మట్టి. గడ్డిపరక మొలిచేది కాదు. ఎండపూట నేల మీద ఆవిరి కదులుతుంటే, ఆ ఫ్యాక్టరీ అంతా కల కంటున్నట్టు సన్నగా ఊగేది. మధ్యలో పెద్ద గొయ్యి. పెంకుల కోసం మట్టి తవ్విన గొయ్యి అది. ఏనుగుల పెళ్ళి ఊరేగింపు అందులోకి దిగితే పైనుంచి బాకా కొస మాత్రం కనిపిస్తుంది.

ఆ ఫ్యాక్టరీలో ఒక్కతే ఉండేది, గంపమ్మ అనే ముసలి గాడిద. వీపుకి అటొక గంప, ఇటొక గంప. బతుకంతా వాటిలో మట్టి మోసింది. ఫ్యాక్టరీ మూసిన రోజున మిగతా గాడిదలన్నిటినీ లారీ ఎక్కించారు. గంపమ్మది కుంటికాలు. "దీన్ని తర్వాత వచ్చి తీసుకెళదాంలే" అన్నారు. లారీ వెళ్ళిపోయింది. గంపలు కూడా విప్పలేదు. అప్పటినుంచి చల్లారిన పెంకుల బట్టీలో పడుకుని, అడవి అంచున మేస్తూ, అడవి వాళ్ళందరికీ గంపమ్మత్త అయిపోయింది.

ఒక ఏడాది ఎండలు వచ్చాయి. ఎండలంటే మామూలు ఎండలా! బల్లులు ఒకదాన్నొకటి చెప్పులు అరువడిగాయి. కాకి రెక్క విప్పితే ఆ నీడలోకి పది పిట్టలు దూరేవి. అడవి మధ్యలో అందరూ తాగే మడుగు అడుగంటింది. చివరికి మూలన ఒక చిన్న గుంటలో కాసిని నీళ్ళు మిగిలాయి. నాలుక తడిపి పక్కకి తప్పుకోవడమే.

అడవికి పెద్ద బొచ్చన్న అనే ఎలుగుబంటి. ఆయన అందరినీ పిలిచాడు.

"తొమ్మిది కొండల అవతల నది ఉందట. బయల్దేరదాం" అన్నాడు.

అందరూ తలలూపారు. గంపమ్మ మాత్రం ముందుకి వచ్చింది.

"నాయనా బొచ్చన్నా, నేను ఒక్క కొండ కూడా ఎక్కలేను."

సింగారయ్య అనే నెమలి గొంతు సవరించుకున్నాడు. "దానికేముంది అత్తా! వానలు పడ్డాక మేం తిరిగొచ్చి నిన్ను చూస్తాం కదా."

"లారీ వాళ్ళు కూడా అదే అన్నారు సింగారయ్యా" అంది గంపమ్మ.

సింగారయ్య తోక ముడుచుకున్నాడు.

"ఒక్క మాట వినండర్రా" అంది గంపమ్మ. "మా ఫ్యాక్టరీ గొయ్యి ఉందే, అది మీ మడుగుకి పదింతలు. వాన పడినప్పుడల్లా నీళ్ళు పెంకుల మీద జారి లోయలోకి పారిపోతాయి. గోతిలోకి ఒక్క చుక్క రాదు. ఆ నేలని కాస్త మట్టితో కప్పి, నాలుగు గింజలు చల్లి పచ్చగా చేశామంటే, నీళ్ళు అక్కడ నిలబడతాయి. మెల్లగా గోతిలోకి దిగుతాయి. ఇక ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు."

ముళ్ళమ్మ అనే ముళ్ళపంది పెదవి విరిచింది. "ఆ నేల ఎప్పుడో చచ్చిపోయింది అత్తా."

"చావలేదే తల్లీ, నిద్రపోతోంది. రోజూ దాని మీద పడుకునేది నేను. చెవి ఆనిస్తే గురక వినిపిస్తుంది. నిన్న మధ్యాహ్నం దాని కల నాకు కూడా వచ్చింది. పొగగొట్టానికి ఆకులు తొడిగాయి. పైన మబ్బులు వచ్చి, మేకల్లాగా దానికి కట్టేసుకుని నిలబడ్డాయి."

కొందరు నవ్వారు. కానీ నవ్విన వాళ్ళు కూడా పొగగొట్టం వైపు ఒకసారి చూశారు.

బొచ్చన్న గడ్డం గోక్కున్నాడు. "సరే. వేసవి జల్లులు నాలుగు పడేదాకా ఆగి చూద్దాం. తలా ఒక వంతు తెచ్చి వెయ్యండి. అందరి వంతులతో అందరి నేల బాగు చేసుకుందాం."

ఇక్కడ ఆ అడవి పద్ధతి ఒకటి మీకు చెప్పాలి. మన పెళ్ళిళ్ళలో చదివింపులు ఉంటాయి కదా, ఎవరెవరు ఏమేం ఇచ్చారో అందరూ వినేట్టు గట్టిగా చదువుతారే, ఆ అడవిలోనూ అంతే. ఎవరు ఏమిచ్చినా సింగారయ్య చదవాలి. ఆయన గొంతు ఎంత గొంతంటే, ఇక్కడ చదివితే తొమ్మిది కొండల అవతల చేపలు ఉలిక్కిపడేవి.

వంతులు వచ్చాయి. సింగారయ్య పెంకుల గుట్ట ఎక్కాడు.

"ఎలుగుబంటి బొచ్చన్న గారు, నేరేడు గింజలు, పెద్ద మూట!"

అందరూ ఆహా అన్నారు. బొచ్చన్న చూడనట్టు చూశాడు.

"నెమలి సింగారయ్య గారు, అంటే నేనే, పూలమొక్కల విత్తనాలు, బుట్టెడు!"

తనే ఆహా అన్నాడు.

"ముళ్ళపంది ముళ్ళమ్మ గారు, దుంప... ఒకటి!"

ఆ 'ఒకటి' లోయలో ఏడుసార్లు మోగింది. ముళ్ళమ్మ మొహం పెంకు రంగుకి తిరిగింది. ముళ్ళు దగ్గరకి లాక్కుని వెనక్కి వెళ్ళిపోయింది.

"చీమలు, నూక... ఒకటి!"

అడవంతా గొల్లుమంది. పాపం, ఆ నూక మోసింది ఒక చీమే, తోడుగా లక్ష చీమలు మేళతాళాలతో వచ్చాయి. మేళం ఆగిపోయింది.

"గాడిద గంపమ్మ గారు..." సింగారయ్య గంపల్లోకి తొంగి చూశాడు. "ఖాళీ గంపలు, రెండు!"

మళ్ళీ నవ్వులు. గంపమ్మ కూడా నవ్వింది. "ఉన్నమాటే కదయ్యా."

మర్నాడు అందరూ నేల మీదకి వచ్చారు. వచ్చిన వాళ్ళు వచ్చినట్టు ఒకటే మాట.

"నావి ఎక్కడ వేస్తారు?"

"ముందు నా గింజలకి చోటు చూపించండి."

"నెమలి గారి పూలవనం ఇదీ అని తెలియాలి. కనిపించేచోట కావాలి."

ఎవరి వంతు వాళ్ళు వేసుకున్నారు. ఎవరి చోటు చుట్టూ వాళ్ళు విరిగిన పెంకులు నిలబెట్టి గోడ కట్టుకున్నారు. ఎక్కువ చదివించిన వాళ్ళది ఎత్తు గోడ. చీమలు నూక చుట్టూ ఇసుక రేణువులతో గోడ కట్టాయి. దానికి ద్వారబంధం కూడా పెట్టాయట.

గంపమ్మ కుంటుకుంటూ తిరిగి చూసింది. "మధ్యలో ఈ గోడలెందుకర్రా? వాన గోడని చూస్తే దారి మార్చుకుని పోతుంది."

"ఏది ఎవరిదో తెలియకపోతే ఇక చదివింపులెందుకత్తా?" అన్నాడు సింగారయ్య.

మొదటి జల్లు పడింది. బొచ్చన్న గోడకి తగిలిన నీళ్ళు పక్కకి తిరిగి సింగారయ్య పూలవనంలోకి వెళ్ళాయి. సగం విత్తనాలు తేలిపోయాయి.

"ఏం మావా, నీ గోడ నీళ్ళని నా మీదకే తోలిందా?" అన్నాడు సింగారయ్య.

"నా గోడ నా చోటున ఉంది. నీ పూలు ఈత నేర్చుకోవద్దూ?"

గోడలు ఇంకాస్త పెరిగాయి.

రెండో జల్లు పడింది. ఈసారి సింగారయ్య గోడ నీళ్ళని ముళ్ళమ్మ దుంప మీదకి పంపింది. ముళ్ళమ్మ గోడ చీమల నూక మీదకి పంపింది. పొద్దస్తమానం తిట్లు. ఆ తిట్లకి పొగగొట్టం నిద్రలో ఉలిక్కిపడి రెండు ఇటుకలు రాల్చింది.

మూడో జల్లు కాస్త గట్టిగా పడింది. గోడలన్నీ ఒక్కసారి కూలాయి. గింజలు, విత్తనాలు, దుంప, అన్నీ కలిసి లోయలోకి కొట్టుకుపోయాయి. నూక మీద ఎక్కి కూర్చున్న చీమలు లోయ చివరిదాకా పడవ ప్రయాణం చేసి వచ్చాయి. గోతిలో నిలిచిన నీళ్ళు కప్ప పొట్టకి కూడా చాలవు.

నాలుగో జల్లు కోసం ఎవరూ ఆగలేదు.

"ఇక చాలు. పొద్దున్నే నది వైపు" అన్నాడు బొచ్చన్న. గంపమ్మ వైపు చూడకుండా అన్నాడు.

"బట్టీలో దాచిన గింజలు కాస్త కాస్త మిగిలాయి. ఎవరివి వాళ్ళు పట్టుకెళ్ళిపోదాం" అన్నాడు సింగారయ్య.

గంపమ్మ ఎర్రటి సాయంకాలంలో కుంటుకుంటూ ఎండిన మడుగు దాకా నడిచింది. నీళ్ళు పోయినచోట అడుగున నల్లటి ఒండ్రుమట్టి పగుళ్ళు విచ్చి ఉంది. ఎన్నేళ్ళ ఆకులో కుళ్ళి మెత్తబడ్డ మట్టి. గంపమ్మ పక్కకి ఒరిగి, మూతితో తోసి, గంపలోకి మట్టి ఎక్కించుకుంది. లేచింది. ఫ్యాక్టరీ దాకా మోసి, పెంకుల మీద ఒంపింది. మళ్ళీ వెళ్ళింది.

పొద్దున అడవంతా మూటలు సర్దుకుని వరసగా బయల్దేరింది. ఫ్యాక్టరీ పక్కనుంచే దారి. తొలి వెలుగులో చూస్తే, మడుగు నుంచి పెంకుల నేల దాకా నల్లటి గీత ఒకటి పడి ఉంది. రాలిన మట్టి గీత. దాని చివర గంపమ్మ. మూతి నిండా బురద.

బొచ్చన్న ఆగాడు. వెనక అడవంతా ఆగింది.

"ఏం చేస్తున్నావత్తా?"

"మట్టి మోస్తున్నాను నాయనా. నాకు వచ్చిన పని ఇదే కదా."

"ఎవరి చోటుకి?"

"చోట్లెక్కడున్నాయి ఇప్పుడు? అన్నీ కొట్టుకుపోయాయిగా. నేలకి మోస్తున్నాను."

"గుంటలో నీళ్ళు అయిపోవచ్చాయి. ఎన్నాళ్ళు మోస్తావు?"

"మీరు వెళ్ళండయ్యా. కాళ్ళున్న వాళ్ళు వెళ్ళాలి. నేను కోప్పడను. మళ్ళీ ఎప్పుడైనా వస్తే ఇల్లు గుర్తుపట్టొద్దూ? కాస్త పచ్చగా ఉంచుతాను."

బొచ్చన్న కొండల వైపు చూశాడు. దూరంగా, నీలంగా, కలలోలాగా ఉన్నాయి. వాటి అవతల నది. అక్కడ దాహం ఉండదు. తర్వాత గంపమ్మ గంపలోకి చూశాడు. సగం కూడా నిండలేదు. ఆమె మూతితో తోస్తే ఎంత నిండుతుంది? చాలాసేపు అటూ ఇటూ చూశాడు. ఎంతసేపంటే, వెనక తాబేలు ఒక నిద్ర తీసి లేచింది.

అప్పుడు భుజం మీది మూట కింద పెట్టాడు.

"నడు అత్తా మడుగు దగ్గరికి. గంప నేను నింపుతాను."

"మావా! మరి ప్రయాణం?" అన్నాడు సింగారయ్య.

"మీరు నడుస్తూ ఉండండి. ఈ ఒక్క గంప నింపేసి వచ్చి కలుస్తాను."

ఎలుగుబంటి చేతులు కదా, రెండు గోకుళ్ళకి గంప నిండింది. తర్వాత రెండో గంప నింపాడు. అవి ఒంపి వచ్చాక ఇంకోటి. ఆ "ఒక్క గంప" ఇప్పటికీ పూర్తి కాలేదంటే నమ్మండి.

మిగతావాళ్ళు నిలబడి చూశారు. ముందుకి అడుగు పడలేదు. ముందు చీమలు వరస తప్పి మట్టి రేణువులు ఎత్తుకున్నాయి. ఆ తర్వాత కుందేళ్ళు తవ్వాయి, పిట్టలు ముక్కుతో మోశాయి. సింగారయ్య కూడా, తోక పాడవుతుందని సణుగుతూనే, తోకతో మట్టి చదును చేశాడు. అంత అందమైన చీపురు లోకంలో మరొకటి లేదు.

నల్లమట్టి పెద్ద కుప్ప అయింది. బొచ్చన్న మూట విప్పి మిగిలిన నేరేడు గింజలు ఆ కుప్పలో పోసి కలిపేశాడు.

"అయ్యో మావా! మీ గింజలేవో ఇక మీకెలా తెలుస్తుంది?" అంది ముళ్ళమ్మ.

"తెలియదమ్మా" అన్నాడు బొచ్చన్న.

ముళ్ళమ్మ గంపమ్మ వైపు చూసింది. "మరి నాది నాకెలా తెలుస్తుందత్తా?"

"రేపు చెట్టు కింద కూర్చున్నప్పుడు చల్లగా ఉంటుంది చూడు" అంది గంపమ్మ. "ఆ చల్లదనం నీది."

ముళ్ళమ్మ కుప్ప మీదకి ఎక్కి, ఒళ్ళంతా ఒక్క విదిలింపు విదిలించింది. అమ్మో! ముళ్ళ సందుల్లోంచి గింజలు వానలా కురిశాయి. వేప, ఉసిరి, మారేడు, వెదురు, ఏ పేరూ లేని గడ్డి విత్తనాలు. పోసేసరికి ముళ్ళమ్మ సగం చిక్కిపోయింది.

సింగారయ్య నోరు తెరిచాడు. "ఇన్ని ఎక్కడ దాచావు వదినా?"

"మొదట ఒక్క దుంపే ఇచ్చాను, ఏదో మొదలుపెట్టడానికి ఉంటుందని. నువ్వు 'ఒకటి' అని అడవంతా దద్దరిల్లేట్టు చదివాక సిగ్గేసి మిగతావి బయటికి తీయలేదు మరిదీ."

సింగారయ్య మొట్టమొదటిసారి ఏమీ చదవకుండా ఊరుకున్నాడు.

మట్టి, గింజలు, దారిన పడ్డ పేడ అన్నీ కలిసిపోయాయి. ఆ కలిసిన మట్టినే నేలంతా పరిచారు. కూలిన గోడల పెంకులన్నీ ఏరి, ఈసారి గోతివైపుకి ఒకే ఒక్క కాలవ కట్టారు. పని అయ్యేసరికి గుంటలో నీళ్ళు లేవు. అందరూ పెంకుల బట్టీ నీడలో, ఒకరి మీద ఒకరు వాలి, ఎండిన నాలుకలతో పడుకున్నారు. పిల్లి పక్కన ఎలుక. పాము పక్కన కప్ప. ఎవరికీ ఎవరినీ తినే ఓపిక లేదు.

గంపమ్మకి చెంప కింద నేల గురక వినిపించింది. ఉన్నట్టుండి గురక ఆగింది. నేల మేలుకున్నట్టు.

చల్లటి చుక్క ఒకటి ఆమె చెవి మీద పడింది.

ఆ వాన గురించి ఏం చెప్పమంటారు! ఒక్కో చినుకు గుమ్మడికాయంత. కానీ పడేటప్పుడు మాత్రం దూదిలా పడింది. నల్లమట్టి ఎంత తాగాలో అంత తాగింది. మిగిలిన నీళ్ళు ఎవరి మీదకీ ఉరకకుండా, ఎవరినీ తొయ్యకుండా, కాలవలో చేతులు పట్టుకుని నడిచినట్టు నడిచి గోతిలోకి దిగాయి. ఎన్ని రోజులు పడిందో ఎవరికీ తెలియదు. తడిసిన పొగగొట్టం సంతోషం పట్టలేక ఒకసారి తుమ్మింది. లోపలున్న పాతకాలపు మసి అంతా ఎగిరి మీద పడి, కాకులు అప్పటినుంచే ఇంకాస్త నల్లగా ఉంటున్నాయి.

వాన వెలిసేసరికి నేల మీద పచ్చటి నూగు. ముందు గడ్డి, తర్వాత మొలకలు, చూస్తూ చూస్తూ ఉండగానే తీగలు. ఒక తీగ పొగగొట్టం మీదకి పాకింది. ఆకులు తొడిగింది. దారిన పోయే మబ్బు ఒకటి వచ్చి ఆ తీగకి చుట్టుకుని నిలబడింది. గంపమ్మ చూసి కళ్ళు మూసుకుంది.

"ఏమత్తా?" అన్నాడు బొచ్చన్న.

"కల అనుకుంటాను. లేపకు."

"మేమంతా కూడా అదే కలలో ఉన్నామత్తా. లేపేవాళ్ళు ఎవరూ లేరు."

గొయ్యి ఇక గొయ్యి కాదు. అంచు దాకా నీళ్ళు. చెరువు.

అందరూ ఒడ్డుకి చేరారు. పద్ధతి ప్రకారం మంచి పని ముగిసినప్పుడు చదివింపులు చదవాలి. అందరూ సింగారయ్య వైపు చూశారు. ఆయన గుట్ట ఎక్కాడు. రెక్క విప్పాడు. నోరు తెరిచాడు. మూశాడు. చదవడానికేముంది? ఏ మొలక ఎవరిదో తెలియదు. ఏ మట్టి ఎవరు మోసిందో తెలియదు. ముళ్ళమ్మ తల దించుకుంది. చీమలు ఆకు వెనక్కి జరిగాయి.

సింగారయ్య వాళ్ళని చూశాడు. చెరువుని చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఎలుగుబంటి బొచ్చన్న గారు, చెరువు, ఒకటి!"

బొచ్చన్న కంగారుపడ్డాడు. "ఒరేయ్, అంతా నాదేమిట్రా..."

సింగారయ్య ఆగలేదు.

"ముళ్ళపంది ముళ్ళమ్మ గారు, చెరువు, ఒకటి!"

ఈసారి ఆ 'ఒకటి' మోగుతుంటే ముళ్ళమ్మ ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి, సంతోషంతో.

"కుందేళ్ళు, తలా ఒక చెరువు! పిట్టలు, తలా ఒక చెరువు! చీమలు..." అని చీమలని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు. లక్ష చీమలు, లక్ష చెరువులు. మేళం మళ్ళీ మొదలైంది. ఆ చదివింపులు అయ్యేసరికి మొలకలు చెట్లై, చెట్లు కాయలు కాసి, చదివే ఆయన అందులో రెండు నేరేడుపళ్ళు తిని గొంతు తడుపుకుని మళ్ళీ చదివాడు.

చిట్టచివర గొంతు తగ్గించాడు. తగ్గించడం ఆయనకి అదే మొదలు.

"గాడిద గంపమ్మ గారు... నిండు గంపలు, రెండు. చెరువు, ఒకటి."

బొచ్చన్న వెళ్ళి ఆమె వీపు మీది గంపలు మెల్లగా విప్పి గట్టు మీద పెట్టాడు. ఇన్నేళ్ళకి ఆమె వీపుకి గాలి తగిలింది. గంపమ్మ కుంటుకుంటూ మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగింది. నీళ్ళలోంచి బురద మూతి ముసలి గాడిద ఒకటి ఆమెని చూసింది.

"నిన్నెవరు వదిలేశారే తల్లీ?" అని అడిగింది గంపమ్మ.

వెనక ఒడ్డు మీద అడవంతా నిలబడి ఉండటం కూడా ఆ నీళ్ళలోనే కనిపించింది.

"ఎవరూ వదల్లేదులే" అనుకుని, తృప్తిగా వంగి నీళ్ళు తాగింది.

నీతి: పదిమంది కలిసి చేసే మంచిపనిలో ఎవరి వంతు ఎంతో గీతలు గీసుకుంటే ఉన్నదంతా కొట్టుకుపోతుంది, గీతలు చెరిపేసుకుంటే మొత్తం పని ప్రతి ఒక్కరిదీ అవుతుంది.